ఆ గదికి నప్పే పెళ్లి

పెళ్లి హాళ్లను అలంకరించే పనిలో ఉన్నవాళ్లంతా ఆమెను తెరలక్క అనేవాళ్లు. ఆమె వ్యాను తలుపు తీస్తే తెరలే జారిపడేవి: పట్టువి, నూలువి, వలలాంటివి, ముఖమలువి. ఖాళీ హాలు తాళం చేతికిస్తే సాయంత్రానికల్లా దాన్ని తోటగానో, కోటగానో, సముద్రపొడ్డుగానో మార్చి అప్పగించేది.

ఆమెకో అలవాటుండేది. పెళ్లివారు ఎంత తొందరపెట్టినా, థీమ్ మాట ఎత్తేముందు ఆ హాల్లో ఒక కుర్చీ లాక్కుని కాసేపు ఊరికే కూర్చునేది. వెలుతురు ఏ కిటికీలోంచి వస్తోంది, ఏ గోడ మీద చెమ్మ ఉంది, ఏ స్తంభం అడ్డం, అన్నీ చూసుకునేది. "పెళ్లికూతురికి నచ్చాలి, వియ్యపురాలికి నచ్చాలి, అన్నీ నిజమే. హాలుకి కూడా నచ్చాలండీ. లేకపోతే అరువు చొక్కా తొడుక్కున్నట్టే ఉంటుంది" అనేది. ఒకసారి ఓ పెళ్లికొడుకు తండ్రి రేకుల కప్పున్న హాల్లో, నడి వేసవిలో, మంచుకొండల థీమే కావాలని భీష్మించుకు కూర్చున్నాడు. చెప్పి చూసింది, వినలేదు. పెళ్లినాడు దూదిమంచు కింద కూర్చున్న ఆ పెద్దమనిషి మీసానికి వేసిన రంగంతా చెమటకి కరిగి గడ్డం మీదకి కారింది. ఫొటోల నిండా అదే. ఈ కథ చెప్పినప్పుడల్లా తెరలక్క పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

అది ఆమె నవ్విన రోజుల సంగతి.

మొగుడు చిన్న వయసులోనే పోయాడు. ఒక్కడే కొడుకు. ఆ తెరల మూటల మీదే వాణ్ని పడుకోబెట్టి పని చేసుకుంది. వాడు పెద్దయి వ్యాను నడిపాడు, నిచ్చెనలెక్కాడు, తల్లి కింద నిలబడి "ఇంకాస్త ఎడమకి" అంటే ఇంకాస్త ఎడమకి కట్టాడు. మంచివాడే. కోపం మాత్రం ముక్కుమీదుండేది.

ఒక పెళ్లిలో, భోజనాల వేళ, హాలు ముందర వ్యాను అడ్డంగా ఉందని పెళ్లివారి తాలూకు మనిషొకడు గొడవపడ్డాడు. మాటకు మాట పెరిగింది. అతను తల్లిని ఏదో అన్నాడు. కొడుకు అతని ఛాతీ మీద చెయ్యి వేసి తోశాడు. ఒక్క తోపు. వెనక మెట్లున్నాయి. అతని తల రాతి అంచుకి తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. చంపాలని తోయలేదని కోర్టు కూడా ఒప్పుకుంది. అయినా పోయిన మనిషి పోయాడు, అతనికీ ఓ తల్లి ఉంది. తెరలక్క కొడుక్కి ఏళ్ల శిక్ష పడింది.

ఆ తర్వాత ఏ హాలువాళ్లూ ఆమెను పిలవలేదు. పెళ్లింట చావు తెచ్చిన వ్యాను అన్నారు. చిన్న చిన్న పుట్టినరోజులకి, దుకాణాల ప్రారంభాలకి రిబ్బన్లు కట్టుకుంటూ ఈడ్చుకొచ్చింది. నెలకి రెండుసార్లు ఊరవతల జైలుకి వెళ్లి కొడుకుని చూసొచ్చేది. ఆ రెండు రోజులే రోజులు. మిగతావి క్యాలెండరు మీది గడులు.

కొడుకు మనసిచ్చిన పిల్ల ఒకతె ఉంది. కళ్లజోళ్ల దుకాణంలో పని. సన్నగా రివటలా ఉంటుంది, మాట మాత్రం రాయి. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తెరలక్క ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే చెప్పేసింది.

"అత్తా, ఆయన్ని వచ్చే నెల దూరపు జైలుకి మార్చేస్తున్నారంట."

తెరలక్క చేతిలోని కత్తెర కింద పెట్టింది. "ఎవరు చెప్పారే?"

"ఉత్తరం రాశాడు. అక్కడ నెలకి ఒక్కటే ములాఖత్ అంట. అదీ ఒక్క మనిషికే. తల్లీతండ్రీ, లేకపోతే పెళ్లాం. ఇంకెవర్నీ గేటు దాటనివ్వరంట. నేనెవర్ని? నాకు చూపించుకోడానికి ఏ కాగితం ఉంది?" పిల్ల గుమ్మానికి ఆనుకుంది. "అందుకే మార్చేలోపే పెళ్లి చేసుకుంటాం. ఇక్కడి జైల్లోనే. ములాఖత్ గదిలో చేసుకోవచ్చంట. రిజిస్ట్రారే వస్తాడు. డెకరేషన్ నువ్వే చెయ్యాలి. థీమ్ కూడా నువ్వే చెప్పాలి."

"జైలుకి థీమేంటే, నీకేమైనా పిచ్చా?"

"ఇన్ని వందల మందికి చెప్పావు. నాకు చెప్పవా?"

తెరలక్క ఆ సాయంత్రమంతా పిల్లకి నచ్చజెప్పింది. నీ వయసెంత, వాడు వచ్చేసరికి నీకు తల నెరుస్తుంది, మీ అమ్మానాన్నలు ఇప్పటికే నీతో మాట్లాడటం మానేశారు, చూసి చూసి నూతిలో దూకుతానంటే నేను తాడందించాలా అంది. అన్నీ నిజాలే. అన్నిటికంటే అడుగున ఇంకో నిజం ఉంది, అది మాత్రం పెదవి దాటలేదు. నెలకి ఒక్క ములాఖత్, ఒక్క మనిషికే. ఈ పిల్ల పెళ్లామైతే ఆ ఒక్కదాన్ని పంచుకోవాలి. కొడుకు ముఖం రెండు నెలలకోసారి చూడాలి. ఆ లెక్క పిల్ల మాట పూర్తికాక ముందే ఆమె కడుపులో పడిపోయింది. అలాంటి లెక్క వేసినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. వేసినా లెక్క మారలేదు.

పిల్ల మాత్రం పట్టిన పట్టు విడవలేదు. "నువ్వు చెయ్యనంటే ఉత్త గదిలోనే చేసుకుంటాను అత్తా. చేసుకోవడం మాత్రం మానను."

ఉత్త గదిలో నా కొడుకు పెళ్లా, అనుకుంది తెరలక్క. ఆ మాట ఆమెను పొడిచింది. మర్నాడే బయల్దేరింది.

ములాఖత్ గదిని చూసుకునే అధికారిణి పొట్టి మనిషి, జుట్టు బిగించి ముడేసుకుంటుంది. కసిరే రకం కాదు, కరిగే రకమూ కాదు. తెరలక్క అడిగితే గదిలో కాసేపు కూర్చోనిచ్చింది.

ఇన్నాళ్లూ ఆ గదికి వచ్చిందే గాని, తెరలక్క దాన్ని ఎప్పుడూ చూడలేదు. కొడుకు ముఖాన్ని చూసింది, అంతే. ఇప్పుడు చూసింది. గోడలకి నడుము ఎత్తు వరకు ఆసుపత్రుల్లో ఉండే ఆకుపచ్చ రంగు, ఆపైన సున్నం. నేలకి బోల్టులతో బిగించిన బల్లలు. బల్లల మధ్యగా పసుప్పచ్చ గీత, ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు దాటకుండా. చెయ్యందనంత ఎత్తులో ఊచల కిటికీ. ఎక్కడ చూసినా ఫినాయిల్ వాసన. ఆమె పద్ధతి ప్రకారం కుర్చీ లాక్కుందామంటే, కుర్చీ కూడా బోల్టు వేసే ఉంది.

మొదట ఆమెకి తోచింది ఒక్కటే. ఈ గదిని కప్పెయ్యాలి. నాలుగు గోడలకీ నీలం తెరలు జార్చి, నేల మీద పచ్చగా తివాచీ పరిచేస్తే జైలన్నది కనబడదు.

"మేడమ్, గోడలకి తెరలు కడతాను."

"బట్ట కుదరదమ్మా. ఉరేసుకుంటారు."

"పూలు?"

"లోపల ఏవైనా దాచి తేవొచ్చు. కుదరదు."

"కాగితం పూలో, కాగితం గొలుసులో?"

"అంటించడానికి జిగురు కావాలి, గుచ్చడానికి పిన్ను కావాలి. రెండూ కుదరవు."

"దీపాలు? బ్యాటరీవి, చిన్నవి?"

"తీగలుంటాయి కదమ్మా."

తెరలక్క ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. రంగు ముగ్గు పిండి, బెలూన్లు, ఆఖరికి పరిమళం సీసా. అధికారిణి ప్రతిదానికీ కారణం చెప్పింది, ప్రతి కారణం వెనకా ఎప్పుడో ఎవరో చేసిన పనొకటి ఉంది. పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు వాదించే మనిషైతే తిట్టుకుని ఊరుకునేది. ఈవిడ అన్నవన్నీ సబబుగానే ఉన్నాయి. అందుకే తెరలక్కకి ఎక్కడా పట్టు దొరకలేదు. గేటు బయటికి వచ్చి వ్యానులో కూర్చుని, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. తన చేతి పని ఇంతమంది పిల్లల పెళ్లిళ్లకి పనికొచ్చింది. కడుపున పుట్టినవాడి పెళ్లికి ఒక్క గుడ్డపీలిక కట్టడానికి పనికిరాదు.

ఆ సంగతి పిల్లకి చెప్పింది. "కప్పడానికి వీల్లేదే. ఏం పెట్టినా వీల్లేదంటున్నారు."

పిల్ల కళ్లజోడు తుడుస్తూ తుడుస్తూ ఆగింది. "కప్పమని నేనడిగానా? నువ్వు కప్పినా నేను కప్పనివ్వను. నా పెళ్లి జైల్లో అయింది. రేపెవరైనా అడిగితే సముద్రపొడ్డున అయిందని చెప్పాలా?"

"మరి ఏం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు. హాలుకి నచ్చాలని నువ్వే కదా అంటావు."

తెరలక్కకి ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది. నిజమే. మంచుకొండలు కావాలన్న పెద్దమనిషికీ తనకీ తేడా ఏముంది? మళ్లీ కొడుకుని చూసే రోజు వచ్చినప్పుడు, వాడితో మాట్లాడుతూనే గదిని చూసింది. కొడుకు వొంటి మీద జైలు బట్టలు, ముతక తెలుపు. పెళ్లినాడూ అవే ఉంటాయి, మార్చనివ్వరు. వెనక గోడ, ఆకుపచ్చ. ఆ రెండు రంగులూ ఎవరూ కాదనలేనివి. అప్పటికే లోపల ఉన్నవి.

ఇంటికి వచ్చి పిల్లని కూర్చోబెట్టి చెప్పింది. "గదిలోకి ఏ వస్తువూ పోనివ్వరు. మనుషుల్ని పోనిస్తారు గదా. వచ్చేవాళ్లం నలుగురమే. నువ్వు, మీ అన్న, మీ పిన్ని, నేను. మేం ముగ్గురం ఆ గోడ రంగు బట్టలు కట్టుకుంటాం. సరిగ్గా ఆ ఆకుపచ్చే. నువ్వు మావాడి బట్టల్లాంటి ముతక తెలుపు వేసుకో. మీ ఇద్దరూ ఒక రంగు, మేమూ గదీ ఒక రంగు. ఎవరూ పరాయిచోట చిక్కుకున్నట్టుండరు."

పిల్ల తెరలక్క చెయ్యి పట్టుకుంది. "ఇదే అత్తా. ఇదే."

పెళ్లికి మిగిలిన నాలుగు రోజులూ తెరలక్క ఇంట్లో ఎటు చూసినా ఆకుపచ్చే. బజారులో ఆ రంగు బట్ట దొరకలేదు. దొరుకుతుందా, జైలు గోడ రంగు బట్ట ఎవడు నేస్తాడు? తెల్ల నూలు కొని బకెట్లలో రంగు కలిపి తనే ముంచింది. ఒకసారి చిలకపచ్చ అయింది. ఒకసారి నాచులా నల్లబడింది. మూడోసారి, ఆరేసిన గుడ్డని చూసి "ఫినాయిల్ వాసనొక్కటే తక్కువ" అంది పిల్ల. ఇద్దరూ నవ్వారు. నవ్వేశాక ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక పనిలో పడ్డారు. పిల్లకి పొడవాటి తెల్ల గౌను, సన్నటి నడుముకి అతికినట్టు కుట్టింది. చీరలకి చాలినంత బట్ట ఆ రంగు కుదరక, తనకీ, పిన్నికీ ఆకుపచ్చ గౌన్లు, అన్నకి చొక్కా. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షులుగా అన్న పేరూ పిన్ని పేరూ రాయించారు. పిల్ల తల్లిదండ్రులు రామని కబురంపారు.

పెళ్లినాడు వ్యానులోనే వెళ్లారు నలుగురూ. ఆ జైలు చుట్టుపక్కల పొలాలు తప్ప ఏమీ లేవు, ఒక టీ బడ్డీ తప్ప. రిజిస్ట్రారు అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు. గేటు దగ్గర కాపలా మనిషి పిల్లని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ బట్టలతో కుదరదమ్మా."

తెరలక్కకి అర్థం కాలేదు. "ఏం, కొత్త బట్టలే గదా?"

అతను తల పైనున్న బోర్డు చూపించాడు. ఖైదీల దుస్తులను పోలిన బట్టలు వేసుకున్నవారికి ప్రవేశం లేదు. ఇన్ని నెలలుగా ఆమె ఆ బోర్డు కిందే నిలబడింది. కొడుకుని చూసే ఆత్రంలో ఏనాడూ తలెత్తి చదవలేదు. ఏమేం తేవచ్చో అధికారిణిని వరసపెట్టి అడిగింది గాని, వొంటి మీది గుడ్డ గురించి అడగాలని తోచలేదు.

అధికారిణిని పిలిపించారు. ఆవిడ పిల్లని ఎగాదిగా చూసింది.

"బాగా కుట్టారమ్మా. కానీ నేను పంపలేను. ఖైదీల లెక్క తీసేటప్పుడు తెల్లబట్టల మనిషి ఒక్కరు ఎక్కువైనా, తక్కువైనా గేట్లన్నీ మూసేస్తారు. నా చేతుల్లో లేదు."

"మేడమ్, కాళ్లు పట్టుకుంటాను" అంది తెరలక్క. నిజంగానే వంగింది. ఆవిడ వెనక్కి జరిగింది.

"ఇంకో బట్ట ఏదైనా కట్టుకుని రమ్మనండి. గది భోజనాల గంట వరకే ఇచ్చారు. రిజిస్ట్రారు మళ్లీ రాడు. అతన్ని ఎల్లుండి మార్చేస్తున్నారు."

ఊళ్లోకి వెళ్లి వచ్చే వ్యవధి లేదు. టీ బడ్డీ మనిషి దగ్గర వొంటి మీది బనీను తప్ప లేదు. వ్యానులో తెరలున్నాయి గాని, తెర బట్ట లోపలికి కుదరదని మేడమ్ ముందే చెప్పింది. పిన్ని తన గౌను ఇస్తానంది, కానీ పిన్ని సాక్షి. సాక్షి లేకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే పెళ్లి లేదు. అన్న సంగతీ అంతే. తల్లి లేకపోతే మాత్రం పెళ్లి ఆగదు. ఆ చట్టం ఎవరూ పైకి చదవలేదు. నలుగురికీ ఒకేసారి తెలిసింది.

తెరలక్క వ్యాను వెనక తలుపు తీసి లోపలికెక్కింది. "రా" అంది పిల్లని.

"వద్దత్తా. నువ్వు లేకుండా నేను చేసుకోను."

"నోరు మూసుకుని రా. గంట కొట్టేస్తారు."

తన గౌను విప్పి పిల్లకి తొడిగింది. తెరలక్క నిండైన మనిషి, పిల్ల రివట. గౌను బస్తాలా వేలాడింది. పిన్నులు కుదరవు, తాడు కుదరదు. నడుము దగ్గర గుడ్డని దోసెడు పోగుచేసి పిల్ల పిడికిట్లోనే పెట్టింది. "ఇది వదలకు. సంతకం కుడిచేత్తోనే గదా, ఎడమచేత్తో పట్టుకో." విప్పేసిన తెల్ల గౌను తెరలక్క భుజాలకి కూడా ఎక్కలేదు. దాన్ని మడిచి పక్కన పెట్టి, మూటలోంచి ఒక నీలం తెర లాగి వొంటికి చుట్టుకుంది.

వాళ్లు ముగ్గురూ వెళ్లడం వ్యాను అద్దంలోంచి చూసింది. గేటు తెరుచుకుంది, మూసుకుంది.

ఆ తర్వాతి సేపు ఎలా గడిచిందో ఆమె ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. వ్యాను రేకు కాగిపోతోంది. ముఖమలు తెర కింద వొళ్లంతా చెమట. లోపల ఏం జరుగుతుందో ఊహించుకోబోయింది. వాడు వచ్చి ఉంటాడు. పసుప్పచ్చ గీత దగ్గర నిలబెట్టి ఉంటారు. నాకోసం తలుపువైపు చూస్తాడు. ఆ చూపు దగ్గరికి రాగానే ఆమె ఊహ ఆగిపోయేది. దిగి గేటు దగ్గరికి పరిగెత్తాలనిపించింది. తెర చుట్టుకున్న మనిషిని చూసి కాపలావాడు నవ్వుతాడు, లేకపోతే జాలిపడతాడు. రెండూ పడలేక పళ్లు బిగబట్టి, తెర కొస నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఇలా చేసింది ఎవరు? ఆ అధికారిణి కాదు. రంగులు కలిపి, గుడ్డలు కుట్టి, గదికి నప్పాలి గదికి నప్పాలి అని ఎగిరిన తనే. మామూలు గులాబీరంగు గౌనొకటి వేసి పంపి ఉంటే ఇప్పుడు కొడుకు ఎదురుగా ఉండేది.

భోజనాల గంట మోగింది. ముగ్గురూ బయటికొచ్చారు. పిల్ల ఇంకా నడుము దగ్గర గుడ్డ పట్టుకునే ఉంది, వేళ్లు తెల్లబడిపోయాయి.

తెరలక్క తలుపు సందులోంచి అడిగింది. "అయిందా?"

"అయింది."

"ఏమన్నాడు?"

పిల్ల వ్యానెక్కి పక్కన కూర్చుంది. "అమ్మ ఏదీ అన్నాడు. చెప్పాను. తర్వాత ఈ చెయ్యి దగ్గరకి తీసుకుని, ఈ గుడ్డ ముఖానికి ఆనించుకున్నాడు. గీత దాటాడని కాపలావాళ్లు అరవబోతే, ఉండనివ్వమని ఆ మేడమే అంది."

తెరలక్క ఆ చేతిలోని గుడ్డ వైపు చూడలేకపోయింది. "గది ఎలా ఉంది?"

"ఆయనొక్కడే తెల్లగా ఉన్నాడు అత్తా. మేమందరం గోడలో కలిసిపోయాం." పిల్ల ఇంకేదో మంచి మాట చెప్పాలని చూసి, చెప్పలేక, అత్త భుజం మీద తలపెట్టి భోరుమంది. పిన్ని, అన్న ముందు సీట్లలో కదలకుండా కూర్చున్నారు. ఎవరో ఒకరు బండి తియ్యాలి. చివరికి నీలం తెర బిగించుకుని తెరలక్కే ముందుకొచ్చి తీసింది.

రెండు రోజులకి అతన్ని మార్చేశారు. తల్లికి చెప్పి మార్చలేదు.

దూరపు జైలుకి వెళ్లాలంటే రైలెక్కి, దిగి, మళ్లీ బస్సెక్కాలి. మొదటి నెల పెళ్లాం వంతు అని కాగితాల్లో ఉంది, పిల్లే వెళ్లింది. రెండో నెల తెరలక్క వెళ్తే, ఎవరో గోడ దూకబోయారని ములాఖత్‌లన్నీ రద్దుచేశారు. గేటు బయటినుంచే తిరిగొచ్చింది. మూడో నెల మళ్లీ పిల్ల వంతు. ఇంట్లో వాళ్లిద్దరూ ఇప్పుడు ఒకచోటే ఉంటున్నారు. ఒకే పొయ్యి, రెండు మంచాలు. మంచిగానే ఉంటారు, అప్పుడప్పుడు అకారణంగా పోట్లాడుకుంటారు. కారణం ఇద్దరికీ తెలుసు. మొదటి నెల పిల్ల తిరిగొచ్చిన రోజున తెరలక్క ఆమె ముఖంలోకి ఎంత ఆబగా చూసిందంటే, పిల్ల తల దించుకుంది. వాడు చిక్కాడా, దగ్గుతున్నాడా, నా గురించి అడిగాడా. అడిగాడు అని చెబితే ఏడ్చింది. అడగలేదని పిల్ల ఎప్పుడూ చెప్పలేదు.

ఏ హాలూ పిలవలేదు. ఎవరో దూరపు చుట్టం ఒకసారి పెళ్లి థీమ్ గురించి సలహా అడిగితే, "మీకేది నచ్చితే అది పెట్టుకోండమ్మా" అంది. హాలు ఎక్కడో కూడా అడగలేదు.

ఆ మూడో నెల, బయల్దేరాల్సిన రోజు పొద్దున్న, పిల్ల సంచీ సర్దుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఆగిపోయింది. వెనక్కి తిరిగింది.

"ఈసారి నువ్వెళ్లు అత్తా."

నీ వంతు కదే అనాలి. కొత్త పెళ్లికూతురివి, నువ్వే వెళ్లు అనాలి. ఏ అత్తయినా మాటవరసకైనా అంటుంది. తెరలక్క అనలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని ముఖం కూడా ఎత్తకుండా, పిల్ల చేతిలో సంచీ లాక్కుని, జుట్టైనా దువ్వుకోకుండా గబగబా వీధిలోకి దిగిపోయింది.